బిల్లుల డబ్బు వేరు, పోయిన కాలి లెక్క వేరు: రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు ఏమేం అడగవచ్చు?

అడిగిన ప్రశ్న ఇదీ: "మా తమ్ముడికి 29 ఏళ్లు, టైల్స్ మేస్త్రీ. పెళ్లి కాలేదు. నాలుగు నెలల క్రితం చిలకలూరిపేట దగ్గర హైవే మీద బైక్‌పై వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. కుడి మోకాలి దగ్గర ఎముక విరిగి రెండు ఆపరేషన్లు అయ్యాయి, ప్లేట్లు వేశారు. మోకాలు సగం కూడా మడవట్లేదు. ఆస్పత్రికి 3 లక్షల 40 వేలు అయింది. ఇన్సూరెన్స్ తరఫున వచ్చానని ఒకాయన 'బిల్లుల డబ్బు మొత్తం, పైన ఇంకో 60 వేలు ఇప్పిస్తాను, లోక్ అదాలత్‌లో రాజీ పడండి, కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది' అంటున్నాడు. ఆ 4 లక్షలు తీసుకోవచ్చా? అసలు మాకు ఏమేం అడిగే హక్కు ఉంది?"

అమ్మా, ముందు ఒక్క పని చేయండి. ఆ వచ్చినాయన ఏ కాగితం ఇచ్చినా ఇప్పుడు సంతకం పెట్టొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి. మిగతాదంతా నిదానంగా చదవండి.

26 ఏళ్లుగా గుంటూరు వైపు కోర్టుల్లో ప్రమాద బాధితుల తరఫున కేసులు చూస్తున్నాను. మీరు రాసినలాంటి పరిస్థితి నా దగ్గరకు తరచూ వస్తుంది. ఇంట్లో అప్పు చేసి ఆస్పత్రికి కట్టి ఉంటారు, నెలనెలా వడ్డీ పెరుగుతుంటుంది. అలాంటప్పుడు కట్టిందంతా తిరిగి వస్తుందంటే ప్రాణం లేచి వచ్చినట్టు ఉంటుంది. కానీ బిల్లుల డబ్బు అంటే మీ చేతిలోంచి పోయింది మీ చేతికి రావడమే. తమ్ముడి కాలికి అందులో ఒక్క రూపాయి లేదు. పైన ఇస్తామంటున్న ఆ 60 వేలే కాలికి కట్టిన ధర. ఇంకో ముప్పై ఏళ్లు పని చేయాల్సిన మనిషి మోకాలికి 60 వేలు అంటే నేను ఒప్పుకోలేను, మీరూ ఒప్పుకోకండి.

గాయపడినవారికి ఏయే పద్దుల కింద పరిహారం ఇవ్వాలో సుప్రీంకోర్టు రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో, 2010లో, విడమరిచి చెప్పింది. ప్రమాద పరిహారం కేసులు చూసే మన ట్రిబ్యునళ్లు ఇప్పటికీ పట్టుకునేది ఆ తీర్పునే. డబ్బులో లెక్కకు వచ్చే నష్టాలు మూడు: చికిత్స ఖర్చులు, పోయిన ఆదాయం, ముందు ముందు కాబోయే వైద్య ఖర్చులు. పోయిన ఆదాయంలో మళ్లీ రెండు భాగాలు: మంచంలో ఉన్న రోజుల్లో పోయింది ఒకటి, శాశ్వత వైకల్యం వల్ల జీవితాంతం పోబోయేది ఇంకొకటి. డబ్బులో లెక్కకు రాని నష్టాలూ మూడు: నొప్పి, బాధ, షాక్ ఒకటి. మునుపటిలా బతకలేకపోవడం, పెళ్లి అవకాశాలు తగ్గడం రెండోది. ఆయుష్షు తగ్గడం మూడోది. మామూలు గాయాలైతే చికిత్స ఖర్చు, పని పోయిన రోజుల కూలి, నొప్పికి కొంత, అంతే ఇస్తారు. మిగతావి తీవ్రమైన గాయం అయ్యి, దానికి డాక్టరు సాక్ష్యం ఉంటేనే. మీ తమ్ముడిది ఆ రెండో రకం కేసు.

చికిత్స ఖర్చుల గురించి మీకు ఎక్కువ చెప్పక్కర్లేదు, బిల్లులు దాచుకునే ఉంటారు. కాకపోతే ఆస్పత్రి బిల్లు ఒక్కటే కాదు. బయట మెడికల్ షాపులో కొన్న మందులు, ఫిజియోథెరపీ, వాకర్, అంబులెన్సు, చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆటోకో కారుకో ఇచ్చిన కిరాయి, ఎముక అతకడానికి పెట్టిన గుడ్లు, పాలు, మాంసం అన్నీ ఇందులోకే వస్తాయి. తిండికి బిల్లు ఎవరి దగ్గరా ఉండదు, పోషకాహారం కింద కోర్టు ఒక అంచనా వేసి ఇస్తుంది. ఆరోగ్యశ్రీలోనో ఎన్టీఆర్ వైద్య సేవలోనో ఉచితంగా ఆపరేషన్ అయినవాళ్లు "మాకు బిల్లులే లేవు, ఇంకేం వస్తుంది" అని కేసు వేయకుండా ఊరుకుంటారు. అది పొరపాటు. వాళ్లకు ఈ ఒక్క పద్దు మాత్రమే తగ్గుతుంది, మిగతావన్నీ అలాగే ఉంటాయి.

మన దగ్గర ఇంకో సంగతి. ఆస్పత్రి నుంచి వచ్చాక చాలామంది పుత్తూరు కట్టుకు వెళ్తారు. వెళ్లడం తప్పని నేను అనను. కానీ మధ్యలో డాక్టరు చెకప్‌లు మానేస్తే "వైద్యం సరిగ్గా చేయించుకోలేదు కాబట్టే కాలు ఇలా అయింది" అని అవతలి లాయరు తప్పకుండా అంటాడు. చెకప్‌కి వెళ్లిన ప్రతి చీటీ మీకు సాక్ష్యమే.

ఆస్పత్రిలోనూ ఇంట్లోనూ అతన్ని చూసుకున్నది ఎవరు? మీ అమ్మగారే అయితే, ఆ నెలలు ఆమె కూలి మానుకున్నారా? మిరప కోతల సీజన్‌లో రోజు కూలి పోగొట్టుకుని కొడుకు పక్కన కూర్చున్న తల్లి శ్రమకు కూడా విలువ కట్టమని అడగవచ్చు. జీతానికి మనిషిని పెట్టలేదు కదా అని ఆ పద్దును వదిలేయకండి.

పని పోయిన రోజుల లెక్క తేలిక. డాక్టరు ఎన్ని నెలలు విశ్రాంతి అని రాస్తే అన్ని నెలల సంపాదన. నెలకు 18 వేలనుకుంటే, ఎనిమిది నెలలకు 1 లక్షా 44 వేలు. ఇది కూడా ఆ 4 లక్షల్లో లేదు, గమనించండి.

ఇక అసలు విషయం. ఈ కేసులో ముప్పాతిక వంతు డబ్బు ఉండేది, చాలామంది పోగొట్టుకునేదీ ఇక్కడే. శాశ్వత వైకల్యం వల్ల ముందు ముందు పోయే సంపాదన.

వైకల్యం ఎంతో తేల్చే డాక్టర్ల బృందం, అంటే మెడికల్ బోర్డు, సర్టిఫికెట్‌లో ఒక శాతం రాస్తుంది. అది ఆ కాలికి సంబంధించిందా, మొత్తం శరీరానికి సంబంధించిందా అన్నది మొదటి ప్రశ్న. కాలికి 40 శాతం అంటే మనిషికి 40 శాతం కాదు, శరీరం మొత్తానికి చూస్తే తగ్గుతుంది. కానీ కోర్టు చివరకు చూడాల్సింది ఆ రెండూ కాదు. ఆ గాయం వల్ల ఆ మనిషి చేసే ఆ పనిలో సంపాదన ఎంత శాతం పోయింది అన్నది చూడాలి. రాజ్ కుమార్ తీర్పులో దీనికి ఒక ఉదాహరణ ఉంది. ఎడమ చెయ్యి తీసేస్తే, డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు పూర్తిగా పోతుంది. అదే ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు. చెయ్యి అదే, వైకల్యం శాతం అదే, నష్టం మాత్రం ఒకటి కాదు.

2014లో సయ్యద్ సాదిక్ కేసులో సుప్రీంకోర్టు ముందు ఒక కూరగాయల వ్యాపారి ఉన్నాడు. కుడి కాలు తీసేశారు. కూరగాయలు అమ్మడానికి కాలెందుకు అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. కాయగూరలు తెచ్చుకోవాలన్నా, తిరిగి అమ్మాలన్నా కాళ్లు కావాలని చెప్పి సంపాదన నష్టాన్ని 85 శాతంగా లెక్క కట్టింది.

నా సొంత కేసు ఒకటి చెబుతాను, మీ తమ్ముడి కేసుకు బాగా దగ్గరగా ఉంటుంది. మంగళగిరి వైపు ఒక చేనేత కార్మికుడికి ఇలాగే మోకాలు పట్టేసింది. బోర్డు 25 శాతం రాసింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు "నీ చేతులకు దెబ్బలేమీ తగల్లేదు కదా?" అని అడిగాడు. తగల్లేదన్నాడు. "మరి నేయడానికి ఇబ్బందేంటి?" అన్నాడు. ఆ కార్మికుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత బోనులోనే కుడి కాలు కొంచెం పైకెత్తి చూపించి, "బట్ట చేత్తో నేస్తామని అందరూ అనుకుంటారు సార్. మాది గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి, కింద చెక్కలు తొక్కితేనే పోగు విడుతుంది. నా కాలు గుంటలోకి దిగట్లేదు" అన్నాడు. జడ్జిగారు పెన్ను పక్కన పెట్టి, గుంట ఎంత లోతుంటుంది, రోజుకు ఎన్ని గంటలు తొక్కాలి అని స్వయంగా అడిగి రాసుకున్నారు. తీర్పులో సంపాదన నష్టం 60 శాతం అని వచ్చింది. ఆ 25కీ ఈ 60కీ మధ్య తేడా తెచ్చింది నా వాదన కాదు, ఆయన తన పనిని ఉన్నదున్నట్టు చెప్పడం.

మీ తమ్ముడూ అలాగే చెప్పాలి. టైల్స్ మేస్త్రీ నిలబడి చేసే పని ఎంత? సిమెంటు పాలు పోసి, గొంతుక్కూర్చుని టైలు పెట్టి, రబ్బరు సుత్తితో తట్టి, రసమట్టం చూసుకుని, అలాగే గొంతుకు కూర్చునే వెనక్కి జరగాలి. రోజంతా అదే. మోకాలు సగం కూడా మడవని మనిషి గొంతుక్కూర్చోలేడు, గోడ టైల్స్‌కి నిచ్చెన ఎక్కలేడు, రెండడుగులు నాలుగడుగుల టైల్స్ పెట్టె ఎత్తి మెట్లెక్కలేడు. అంటే అతనికి తెలిసిన పని పోయినట్టే. కూర్చుని చేసే ఏదో చిన్న పని దొరకవచ్చు కాబట్టి నూటికి నూరు శాతం అని కోర్టు ఒప్పుకోకపోవచ్చు. కానీ బోర్డు రాసిన అంకె దగ్గర ఆగిపోవడం మాత్రం అన్యాయం.

లెక్క ఎలా వేస్తారో చూడండి. నెలకు 18 వేలు అంటే ఏడాదికి 2,16,000. సొంతంగా పని చేసుకునేవాడు, 40 ఏళ్ల లోపు కాబట్టి, ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. ఈ శాతాలను సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేథీ కేసులో నిర్ణయించింది. పర్మినెంట్ ఉద్యోగమైతే 40 ఏళ్ల లోపు వారికి 50 శాతం. ఈ పెంపు చనిపోయినవారి కేసులకే, గాయాల కేసులకు వర్తించదని ఇంకా వాదించేవారున్నారు. 2018లో జగదీష్ వర్సెస్ మోహన్ కేసులో రెండు చేతులూ పనికిరాకుండా పోయిన ఒక వడ్రంగికి సుప్రీంకోర్టు ఈ పెంపు ఇచ్చింది, 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. కాబట్టి అడగడానికి వెనకాడకండి.

40 శాతం కలిపితే ఏడాదికి 3,02,400. దీన్ని వయసును బట్టి మల్టిప్లయర్‌తో హెచ్చిస్తారు. 2009లో సరళా వర్మ కేసులో ఇచ్చిన పట్టిక ప్రకారం 15 నుంచి 25 ఏళ్ల వారికి 18, 26 నుంచి 30 వరకు 17, 31 నుంచి 35 వరకు 16, అలా తగ్గుతూ 65 దాటితే 5. ప్రమాదం నాటి వయసు 29 కాబట్టి 17. అంటే 51,40,800. ఇందులో సంపాదన నష్టం 20 శాతం అని తేలితే 10,28,160 వస్తుంది. 60 శాతం అని తేలితే 30,84,480. తేడా 20 లక్షల పైమాటే. చనిపోయిన కేసుల్లోలాగా సొంత ఖర్చుల కింద మూడో వంతో సగమో కోయడం ఇక్కడ ఉండదు. మనిషి బతికే ఉన్నాడు, అతని తిండి అతను తినాలి.

ఈ లెక్కంతా ఆ 18 వేల మీద నిలబడింది. కోర్టు దాన్ని 10 వేలకు తగ్గిస్తే, అదే 60 శాతానికి 17,13,600 మాత్రమే వస్తుంది. మేస్త్రీకి జీతం స్లిప్పు ఉండదు. ఉండదని సుప్రీంకోర్టుకూ తెలుసు. సాదిక్ కేసులో కూరగాయలమ్మేవాణ్ని ఆదాయం రుజువు తెమ్మనడం సబబు కాదని, రుజువు లేకుండానే నెలకు 6,500 అని తీసుకుంది. ఆ ప్రమాదం 2008లో జరిగింది. అయినా ఉన్న ఆధారం వదులుకోకూడదు. పని ఇచ్చే కాంట్రాక్టరు కోర్టుకు వచ్చి రోజు కూలి ఎంతో, నెలకు ఎన్ని రోజులు పనో చెబితే బలం. ఇళ్లవాళ్లు ఫోన్‌పేలో వేసిన డబ్బులు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటాయి, ఏడాదిది తీయించండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉంటే కనీసం వృత్తి ఏమిటన్నది తేలిపోతుంది. పని చేస్తూ దిగిన ఫొటోలు ఫోన్‌లో ఉంటాయి కదా, అవి కూడా.

వైకల్యం సర్టిఫికెట్ విషయంలో తొందరపడకండి. ఎముక అతుక్కుని, ఇంతకంటే మెరుగు కాదని డాక్టరు చెప్పాకే శాతం తేలుతుంది. పెన్షన్ కోసం తీసుకునే సదరం సర్టిఫికెట్ ఉంటే మంచిదే, కానీ కాగితం ఒక్కటే సరిపోదు. ఆపరేషన్ చేసిన డాక్టరో, పరీక్షించిన డాక్టరో వచ్చి, మోకాలు ఎన్ని డిగ్రీలు మడుస్తోంది, ఎందుకు మడవట్లేదు, ఈ పని చేయగలడా లేడా అన్నది చెప్పాలి. డాక్టర్లు కోర్టుకు రావడానికి ఇష్టపడరు, నిజమే. ట్రిబ్యునల్ సమన్లు పంపమని అడగవచ్చు, లేదా ఆస్పత్రిలోనే సాక్ష్యం నమోదు చేయడానికి కమిషనర్‌ను వేయమని అడగవచ్చు. డాక్టరు సాక్ష్యం లేక ఈ పద్దు మొత్తం పోయిన కేసులు చూశాను. వాటిని తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాధగా ఉంటుంది.

ముందు ముందు కాబోయే వైద్యం సంగతి. ఆ ప్లేట్లు, స్క్రూలు ఎప్పటికో తీయించాల్సి రావచ్చు. మోకాలు అరిగితే కీలు మార్పిడి అవసరం కావచ్చు. "అప్పుడు చూద్దాం" అనుకోకండి. అవార్డు, అంటే ట్రిబ్యునల్ ఇచ్చే పరిహారం తీర్పు, ఒక్కసారే వస్తుంది, తర్వాత ఖర్చయిందని మళ్లీ వెళ్లి అడగడానికి చట్టంలో దారి లేదు. 2002 డిసెంబరులో నాగప్ప కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి సర్జన్ దగ్గర లెటర్‌హెడ్ మీద ఏ ఆపరేషన్, ఎప్పుడు, సుమారు ఎంత అని రాయించుకోండి. అదే తీర్పులో ఇంకో మంచి మాట కూడా ఉంది: పిటిషన్‌లో అడిగిన మొత్తం కంటే న్యాయమైన పరిహారం ఎక్కువైతే ట్రిబ్యునల్ ఎక్కువే ఇవ్వవచ్చు.

నొప్పికి, బాధకు సూత్రం లేదు. ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని రోజులు మంచంలో, ఎంత వయసు అన్నది చూసి ఇస్తారు. 2020లో కాజల్ కేసులో జీవితాంతం ఇంకొకరి మీద ఆధారపడాల్సిన 12 ఏళ్ల పాపకు సుప్రీంకోర్టు నొప్పి, బాధ కిందే 15 లక్షలు ఇచ్చింది. చూసుకునే మనుషుల కోసం అయితే ఇద్దరికి నెలకు 5 వేల చొప్పున, 18 మల్టిప్లయర్‌తో 21,60,000 లెక్క కట్టింది. మీ తమ్ముడి పరిస్థితి అంత తీవ్రం కాదు, దేవుడి దయ. కానీ ఈ పద్దులు పేరుకు ఉన్నవి కావని తెలియడానికి చెబుతున్నాను.

మునుపటిలా బతకలేకపోవడం అన్న పద్దులో చాలా పిటిషన్లు ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటాయి. అలా వద్దు. అతను నేల మీద బాసింపట్టు వేసుకుని భోజనం చేయగలడా? ఊళ్లో ఇంట్లో ఉన్న మరుగుదొడ్డి వాడగలడా, లేక కమోడ్ పెట్టించాల్సి వచ్చిందా? బస్సు మెట్టెక్కగలడా? వాలీబాల్ ఆడేవాడా? ఇవన్నీ అతని మాటల్లోనే అఫిడవిట్‌లో రావాలి. పెళ్లి సంబంధం ఏదైనా నడుస్తూ ఆగిపోయి ఉంటే అదీ రాయించండి. ఇలాంటివి నలుగురిలో చెప్పుకోవడం అతనికి కష్టంగా ఉంటుంది, మగపిల్లలు అసలే చెప్పరు. అక్కగా మీరు పక్కన కూర్చుని అడిగితే చెబుతాడు.

అవతలివాళ్లు ఎక్కడ కోత పెట్టాలని చూస్తారో కూడా తెలిసి ఉండాలి. "హెల్మెట్ లేదు" అంటారు. దెబ్బ కాలికి తగిలినప్పుడు హెల్మెట్‌కు, దెబ్బకు సంబంధం లేదు. "లైసెన్సు లేదు" అంటారు. లైసెన్సు లేకపోవడం ఒక్కటే గాయపడినవాడి నిర్లక్ష్యం అనిపించుకోదని సుప్రీంకోర్టు 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో చెప్పింది. బైక్ మీద ముగ్గురున్నారన్నంత మాత్రాన పరిహారం కోయకూడదని, దానివల్లే ప్రమాదం జరిగిందని చూపాలని 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో చెప్పింది. ఇక లారీ డ్రైవరుకు సరైన లైసెన్సు లేదని తేలినా మీరు కంగారు పడొద్దు. అలాంటి కేసుల్లో ముందు బాధితుడికి కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఇన్సూరెన్స్ కంపెనీకి కోర్టులు చెబుతూనే ఉన్నాయి. సొంతంగా కట్టుకున్న జీవిత బీమా డబ్బు వచ్చినా పరిహారంలోంచి తగ్గించరు.

చట్టంలో ఒక మెలిక ఉంది, మీ విషయంలో ముఖ్యం. మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షన్ కింద తప్పెవరిదో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు వస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఇన్సూరెన్స్ కంపెనీ అధికారి 149వ సెక్షన్ పద్ధతిలో ఇవ్వజూపిన ఆ డబ్బును ఒప్పుకుంటే, పూర్తి పరిహారం కోసం 166వ సెక్షన్ కింద వేసిన పెద్ద పిటిషన్ రద్దయిపోతుంది. తప్పు పూర్తిగా మనదే అయిన కేసుల్లో ఆ దారి మేలు. వెనక నుంచి లారీ గుద్దిన కేసులో కాదు. మీ దగ్గర పెట్టిన కాగితంలో ఏ సెక్షన్ రాసుందో ఎవరైనా లాయరుతో చదివించుకోండి.

ఈ సమాధానం చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. గుద్దిన బండి ఏదో దొరకకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ఉంటుంది, 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ మొత్తాలు. సొంత బైక్ దానంతట అదే జారి పడితే థర్డ్ పార్టీ క్లెయిమ్ రాదు, పాలసీలో యజమాని డ్రైవరుకు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందేమో చూసుకోండి. లారీ డ్రైవరో క్లీనరో డ్యూటీలో గాయపడితే పనిలో గాయపడిన కార్మికులకు పరిహారం ఇచ్చే చట్టం కిందైనా, మోటారు వాహనాల చట్టం కిందైనా అడగవచ్చు, రెండింటిలో ఒక్కదాని కిందే. 2025 మే నుంచి ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో 1.5 లక్షల వరకు నగదు కట్టకుండా చికిత్స ఇచ్చే కేంద్ర పథకం అమల్లో ఉంది. చేర్పించేటప్పుడే ఆస్పత్రిలో అడగండి.

మళ్లీ మీ విషయానికి వస్తాను. గడువు దగ్గరపడుతోంది. 2019లో సవరించి 2022 ఏప్రిల్ నుంచి అమలు చేసిన నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. మీకు నాలుగు నెలలు అయిపోయాయి. పోలీసులు కోర్టుకు ప్రమాద నివేదిక పంపుతారు, దాన్నే పిటిషన్‌గా తీసుకునే వీలు చట్టంలో ఉంది, కానీ దాని మీద భరోసా పెట్టుకుని కూర్చోకండి. వైకల్యం సర్టిఫికెట్ రాలేదని కూడా ఆగకండి. ముందు పిటిషన్ వేసి, సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేయవచ్చు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉండే ఊరు ఏ ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తే అక్కడ వేయవచ్చు.

ఏళ్లు పడుతుందన్న మాట అబద్ధం కాదు. రెండు మూడేళ్లు పట్టిన కేసులు నా దగ్గరే ఉన్నాయి. కానీ పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ వస్తుంది, మామూలుగా 6 నుంచి 9 శాతం మధ్య వేస్తారు. ఆలస్యం భయంతోనే చాలామంది లక్షలు వదులుకుంటున్నారు.

లోక్ అదాలత్ చెడ్డదని నేను అనట్లేదు. నేనే ఎన్నో కేసులు అక్కడ పరిష్కరించాను, డబ్బు త్వరగా చేతికి వస్తుంది. కానీ అక్కడ ఇచ్చిన అవార్డుకు అప్పీలు లేదు. అందుకని పిటిషన్ వేసి, వైకల్యం తేలి, డాక్టరు అంచనా చేతికొచ్చాక వెళ్లండి. అప్పుడు మీ ముందు ఒక లెక్క ఉంటుంది, దాంట్లోంచి ఎంత వదులుకుంటున్నారో మీకు తెలుస్తుంది. ఇప్పుడు వెళ్తే ఏం వదులుకున్నారో కూడా తెలియదు.

లాయరు ఫీజు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఖాళీ చెక్కులు, ఖాళీ కాగితాల మీద సంతకాలు ఎవరడిగినా ఇవ్వకండి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. వైకల్యం ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

రేపు లాయరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, బిల్లుల ఒరిజినల్స్, ఆధార్ తీసుకెళ్లండి. గాయాల సర్టిఫికెట్‌లో "తీవ్ర గాయం" అని ఉందో లేదో అక్కడే చూపించండి. చార్జిషీటు వేశారేమో స్టేషన్‌లో అడగండి. లారీ పాలసీ కాపీ కూడా పోలీసుల దగ్గర ఉంటుంది. ఒరిజినల్స్ ఎవరి చేతికిచ్చినా ముందు జిరాక్స్ తీసుకుని, ఇచ్చినట్టు రాయించుకోండి. ఎక్స్‌రే ఫిల్ములు మాత్రం చుట్టకండి, మడవకండి. మొదటి రోజుది, ఆపరేషన్ తర్వాతది, ఇప్పటిది, తేదీల వరసలో కవర్లో పెట్టి పరుపు కింద దాచండి. డాక్టరు సాక్ష్యం చెప్పే రోజున అవన్నీ కావాలి.